కారులో దుర్వాసన: కప్పివేయడం పరిష్కారం కాదు

కారులో దుర్వాసన రాగానే చాలామంది సువాసన డబ్బా కొని తగిలిస్తారు. అది వాసనను కప్పుతుందే గాని తొలగించదు. సీటులో ఇంకిన పాలు, పిల్లల వాంతి, వానకు తడిసి ఆరని పట్టాలు - అసలు కారణాలు తరచుగా ఇవే.

ముందుగా పట్టాలను తీసి ఎండలో ఆరవేయండి. పాలు ఒలికిన చోటును చన్నీటిలో తడిపిన గుడ్డతో అద్దండి. రుద్దితే మరింత లోపలికి ఇంకుతాయి. ఆరిన తరువాత వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, ఉదయం వాక్యూమ్ క్లీనర్‌తో తీసివేయండి. పులిసిన వాసనకు మూలమైన ఆమ్లాలను సోడా విరుస్తుంది. ఇంకా వాసన మిగిలితే వెనిగరులో అంతే నీరు కలిపి, ముందు కనబడని మూలలో పరీక్షించి, ఆపై తుడవండి. తలుపులు తెరచి పూర్తిగా ఆరనివ్వండి. ఏసీ వేసినప్పుడే వాసన వస్తుంటే దాని ఫిల్టరును చూపించండి.

సోదర సోదరీమణులారా, ఒక్క విషయం మరువకండి. బ్లీచింగ్ ద్రావణంలో వెనిగరు గాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గాని ఎన్నడూ కలపరాదు. వాటినుండి వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. కారువంటి ఇరుకు చోట అది ప్రాణాంతకం కావచ్చు. రెండు మందులు కలిపితే శుభ్రత రెట్టింపవుతుందన్న భ్రమను విడనాడండి. రేపు ఆ సీటుపై కూర్చునేది మన పిల్లలే.