గుడ్డు పడకపోయినా టీకా మానరాదు

పల్లెల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. తొమ్మిది నెలల బిడ్డను చంకనెత్తుకొచ్చిన తల్లి, సూది వేసే ముందు "మావాడికి గుడ్డు పడదమ్మా" అంటుంది. "అయితే ఇక్కడొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అన్న జవాబు వస్తే ఆ తల్లి పట్నం వెళ్లడం కల్ల. కూలి పోతుంది, బస్సు ఛార్జీలవుతాయి. బిడ్డ తట్టు టీకా లేకుండానే మిగిలిపోతాడు. ఇలా తిప్పి పంపడం జాగ్రత్త కాదు, పొరపాటు.

ఈ భయానికి ఒక మూలం లేకపోలేదు. తట్టు టీకాల్లో కొన్నింటిని కోడిపిల్ల పిండం నుంచి తీసిన కణాలలో పెంచుతారు, మరికొన్నింటిని మనిషి కణాలలోనే పెంచుతారు. మొదటి రకంలో సైతం గుడ్డు పదార్థం మిగిలేది లేశమాత్రమే. 1995లో అమెరికా వైద్యులు గుడ్డు ఎలర్జీ ఉన్న 54 మంది పిల్లలకు తట్టు టీకా వేసి చూశారు. ఒక్కరికీ ప్రమాదం కలగలేదు. ఎక్కడో ఒకరికి ఈ టీకా వికటించినప్పుడు, గుడ్డుకన్నా అందులో కలిపే జిలటిన్ వంటి పదార్థాలనే అనుమానించాలని వైద్యులు గుర్తించారు. గుడ్డు ఎలర్జీ తట్టు టీకాకు అడ్డు కాదన్నదే నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

అసలు 'పడదు' అన్న మాటే చిక్కు. వేడి చేసినా, విరేచనమైనా, బిడ్డ ఉమ్మేసినా పడదనే అంటారు. నిజమైన ఎలర్జీ గుడ్డు తిన్న కొద్దిసేపట్లోనే, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఆయాసం వస్తుంది. అటువంటి బిడ్డకు గుడ్డు పెట్టరాదు గాని, టీకా వేయించాలి.

కుక్కకాటు విషయంలో ఈ సందేహం మరీ ప్రమాదకరం. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఈ టీకాల్లోనూ కోడిపిల్ల కణాలలో పెంచినవి కొన్ని, కోతి మూత్రపిండాల కణాలలో పెంచినవి కొన్ని ఉన్నాయి. ఎలర్జీ సంగతి చెబితే రెండో రకం వేస్తారు. అది దొరకకపోయినా ఉన్న టీకాను మానకూడదు.

గుడ్డు ఎలర్జీని నిజంగా లెక్కలోకి తీసుకోవలసినది పచ్చజ్వరం టీకా. దీన్ని కోడిగుడ్లలోనే పెంచుతారు. ఆఫ్రికా దేశాలకు పనికి వెళ్లేవారు ఈ టీకాకు ముందు డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి.

తట్టు వట్టి దద్దుర్ల జబ్బు కాదు. న్యుమోనియాతో, విరేచనాలతో బిడ్డ ప్రాణం తీయగలదు, చూపు పోగొట్టగలదు. కనుక వైద్యాధికారులు గుడ్డు ఎలర్జీ ఉన్నా తట్టు టీకా వేయవచ్చని ప్రతి ఉపకేంద్రం గోడ మీద రాయించాలి. అడ్రినలిన్ సూదిమందు అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. తల్లులు టీకా వేయించాక అరగంట అక్కడే కూర్చోవాలి. వెనుకటి డోసుకు బిడ్డకు ఆయాసం గాని, స్పృహ తప్పడం గాని జరిగి ఉంటే మాత్రం, తర్వాతి డోసుకు ముందు డాక్టరుకు చూపించాలి. గుడ్డు పేరుతో బిడ్డను వెనక్కి పంపే అలవాటు ఇకనైనా పోవాలి.