పట్టికలో పదం, వాక్యంలో విభక్తి

సాఫ్ట్‌వేరు పరీక్షలను తెలుగులోనే రాసుకోవచ్చు. 2008లో వచ్చిన కుకుంబర్ అనే పరికరం, ప్రోగ్రాము ఎలా నడుచుకోవాలో మామూలు వాక్యాలలో రాసి ఇస్తే వాటినే పరీక్షలుగా నడుపుతుంది. ఆ వాక్యాలు రాసే పద్ధతికి గెర్కిన్ అని పేరు. దాని కీలకపదాలు డెబ్బైకి పైగా భాషలలో ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. ఫీచరుకు ‘గుణము’, సినారియోకు ‘సన్నివేశం’, గివెన్‌కు ‘చెప్పబడినది’, వెన్‌కు ‘ఈ పరిస్థితిలో’, దెన్‌కు ‘అప్పుడు’ అన్నారు. ఒకే పరీక్షను పలు విలువలతో నడిపించే పద్ధతికి ‘కథనం’ అనీ, ఆ విలువల పట్టికకు ‘ఉదాహరణలు’ అనీ పేర్లు.

మచ్చ బొల్లారంలో మా వీధి చివర ఉండే కుర్రవాడొకడు ఛందస్సు మీది ముచ్చటతో పద్యాలను సరిచూసే ప్రోగ్రాము రాస్తున్నాడు. తన పరీక్షలు తెచ్చి, “వాక్యాలతో పనిలేదు మాస్టారూ, పట్టికలో తప్పులుంటే చెప్పండి చాలు” అన్నాడు. ఇక్కడే నాకు అభ్యంతరం. తెలుగులో పట్టిక నిలబడేదీ కూలేదీ దాని పైనున్న వాక్యాన్ని బట్టే. అతని పరీక్ష ఇది:

కథనం: యతిస్థానం
ఈ పరిస్థితిలో <వృత్తం>కి యతిస్థానం అడిగితే
అప్పుడు <యతి> అని జవాబు రావాలి

ఉదాహరణలు:
| వృత్తం | యతి |
| ఉత్పలమాల | 10 |
| చంపకమాల | 11 |
| శార్దూలం | 13 |
| మత్తేభం | 14 |

పట్టికలో తప్పు లేదు. యంత్రం ఒక్కొక్క వరుసను తీసుకొని, కోణచిహ్నాల నడుమ ఉన్న మాట స్థానంలో ఆ వరుసలోని విలువను పెట్టి, పరీక్షను నాలుగుసార్లు నడుపుతుంది. మొదటి రెండు వరుసలకు ‘ఉత్పలమాలకి’, ‘చంపకమాలకి’ అని వస్తుంది, బాగుంది. మూడవ వరుసకు ‘శార్దూలంకి’, నాలుగవదానికి ‘మత్తేభంకి’. ఇదేమి తెలుగు? శార్దూలానికి, మత్తేభానికి అనాలి కదా!

ఇంగ్లీషులో విభక్తి పని చేసే మాట నామవాచకానికి ముందు విడిగా నిలబడుతుంది. నామం మారదు కనుక పట్టికలోని ఏ మాటనైనా ఖాళీలో పెట్టవచ్చు. తెలుగులో ప్రత్యయం వచ్చి చేరగానే నామమే రూపు మార్చుకుంటుంది. ఇల్లు ఇంటికి అవుతుంది, రాయి రాతికి అవుతుంది. ఔపవిభక్తికాలని పిల్లలకు నేర్పినది ఇదే. టిక్కెట్ల ప్రోగ్రాముకు పరీక్ష రాసినా ఇంతే: <ఊరు>కు అని రాస్తే శామీర్‌పేటకు, మేడ్చల్‌కు అన్నవి కుదురుతాయి, మా బొల్లారం దగ్గరకు వచ్చేసరికి బండి ఆగిపోతుంది.

అలాగైతే పట్టికలోనే ‘శార్దూలానికి’ అని రాస్తే పోదా అని కుర్రవాడి ప్రశ్న. పోదు. గడిలో ఉన్నది ఉన్నట్లుగా ప్రోగ్రాముకు చేరుతుంది. అక్కడ శార్దూలం అనే వృత్తం ఉంటుంది గాని శార్దూలానికి అనే వృత్తం ఉండదు. మార్గం మన భాషలోనే ఉంది: ‘<వృత్తం> అనే వృత్తానికి’. ‘అనే’ అన్న చిన్న మాట పట్టికలోని పదాన్ని ప్రథమావిభక్తిలోనే నిలిపి, ప్రత్యయభారాన్ని పక్కనున్న సామాన్యనామం మీద పెడుతుంది. వాక్యం కొంత పొడవవుతుంది, కానీయండి.

మరొక చిక్కు. శార్దూలం, శార్దూలము మనకు ఒకటే, యంత్రానికి రెండు. ‘శామీర్‌పేట’లో ర్ తరువాత కంటికి కనబడని యూనికోడు అక్షరమొకటి ఉంటుంది. ఒక గడిలో అది ఉండి, ప్రోగ్రాములో లేకపోతే చూపుకు రెండు మాటలూ ఒకటిగానే ఉండి పరీక్ష తప్పుతుంది.

పట్టికలో రెండవ రకం కూడా ఉంది. అది ఒక్క వాక్యం కింద ఉండి, వరుసల వారీగా కాక మొత్తంగా ఆ వాక్యానికే చెందుతుంది. య, మ, త, ర, జ, భ, న, స గణాల గురులఘువుల జాబితా ఇవ్వాలంటే అది తగినది. మన కుర్రవాడు ఈ జాబితాను కూడా ఉదాహరణలలోకి చేర్చి, దానితో పాటు కవి పేరు, కావ్యం పేరు గడులు పెట్టాడు. యతిస్థానానికి కవితో పనేమి? ఫలితాన్ని మార్చని గడి చదివేవాడి కంటికి అడ్డు. దాని బదులు తప్పు యతి ఉన్న వరుస ఒకటి చేర్చమన్నాను. ఒప్పును ఒప్పని చెప్పే ప్రోగ్రాము తప్పును కూడా ఒప్పంటుందేమో చూడాలి కదా.

ఇంత ఇబ్బందిపడి తెలుగెందుకు అనవచ్చు. ఆ పట్టికలో చంపకమాల యతి 10 అని పడి ఉంటే పట్టుకోగలిగేది ప్రోగ్రాములు రాసేవాడు కాదు, ఛందస్సు చదువుకున్నవాడు. అతనికి చదవడానికి వీలుగా ఉండాలన్నదే ఈ పద్ధతి ఉద్దేశం.

కీలకపదాలలో నాకు బొత్తిగా రుచించనిది ‘చెప్పబడినది’. కర్మణిప్రయోగం తెలుగుకు సహజం కాదు, పైగా అది వాక్యం మొదట నిలబడవలసి రావడం మరీ ఎబ్బెట్టు. అంతవరకూ దాని బదులు నక్షత్రపు గుర్తు పెట్టుకోవచ్చు, గెర్కిన్ ఒప్పుకుంటుంది. ఒకే కీలకానికి రెండు మాటలను కూడా ఒప్పుకుంటుంది. సన్నివేశానికి ‘ఉదాహరణ’ అనే మారుపేరు ఇప్పటికే ఉంది. కనుక ‘చెప్పబడినది’ పక్కన ‘ఇలా ఉండగా’ అని చేర్చమని అడగవచ్చునని నా ఆలోచన. మిత్రులకు ఇంతకంటె మంచి మాట తోస్తే చెప్పండి.