మొహం చూసి చెప్పేస్తారట!

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. "ఎన్ని ఇంటర్వ్యూలు చేశాను బాస్.. మనిషి రూంలోకి రాగానే చెప్పేస్తా" అంటుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తా.

నా పేరులో 'సైదులు' ఉంది. మాది పాలకీడు. మా మండలంలోనే జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సు. హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు, కందూరు చేస్తారు, పిల్లలకి సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. కోదాడ, మిర్యాలగూడ వైపు ఈ పేరు వింటే ఎవరూ తల తిప్పి చూడరు. హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికినప్పుడు మాత్రం ఓనరు "మీరు ముస్లిమ్సా?" అన్నాడు. కాదంటే, "మరి మీరేమోళ్ళు?" అన్నాడు. ముస్లిం అయితే ఏంటి నష్టం అని నేను అడగలేదు. ఇల్లు కావాలి కదా! ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఇది నా ఒక్కడి గోల కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న దరఖాస్తుల్ని పేర్లు మార్చి ప్రైవేటు కంపెనీలకి పంపారు. దళిత, ముస్లిం పేర్లున్న వాటికి పిలుపులు తక్కువొచ్చాయి. అంటే రూంలోకి రాకముందే చెప్పేశారన్నమాట!

పోనీ మొహం చూశాకైనా? ఒకరికి నచ్చిన మొహం ఇంకొకరికి ఎందుకు నచ్చదో తెలుసుకోవడానికి 2015లో కవలల మీద ఒక పరిశోధన జరిగింది. ఆ తేడాలకి జన్యువుల కంటే ఎవరి అనుభవాలు వాళ్ళవే ఎక్కువ కారణమని తేలింది. అంటే మనకి కలిగే 'ఫీలింగ్' చెప్పేది ఎదుటివాడి చరిత్ర కాదు, మన చరిత్ర.

నా సంగతే చూడండి. ఒకసారి ముగ్గురం కలిసి ఇంటర్వ్యూ చేశాం. వచ్చినబ్బాయి ఇంగ్లీషు గడగడా మాట్లాడుతున్నాడు. ఒకాయనకి తెగ నచ్చాడు, ఇద్దరిదీ ఒకటే కాలేజీ. ఇంకొకాయన మామూలుగా ఉన్నాడన్నాడు. నేను మాత్రం 'పొగరు' అనేసి తక్కువ మార్కులేశా. ఇంటికొచ్చాక నోట్సు తీసి చూస్తే జవాబులన్నీ కరెక్టే! ఇంజినీరింగు మొదటేడు నా యాసకి నవ్వినవాడొకడున్నాడు.. వాడి మీద కోపం ఈ అబ్బాయి మీద తీర్చుకున్నా. ఉద్యోగం పోయింది అతనికి. నాకేం పోయింది?

"అనుభవం అండీ" అంటారు. ఏం అనుభవం? మనం వద్దన్నవాడు ఇంకెక్కడో బాగా పని చేస్తుంటే ఆ సంగతి మనదాకా రాదు. బగ్ రిపోర్టే రాని ప్రోగ్రాంని బగ్ లేని ప్రోగ్రాం అనుకుంటే ఎలా? 2022లో సాకెట్ బృందం పాత అధ్యయనాలన్నీ మళ్ళీ లెక్కగట్టింది. ముందే ప్రశ్నలు రాసుకుని అందరినీ ఒకేలా అడిగే ఇంటర్వ్యూకి, తర్వాతి పనితీరుకి సహసంబంధం 0.42. ముచ్చట్లతో నడిచే ఇంటర్వ్యూకి 0.19.

ఇష్టాయిష్టాలు ఉండొద్దని నేననను. స్నేహితుల్ని ఎంచుకోండి, ఎవరికి కావాలి లెక్క! కానీ ఒకరి జీతం, ఒకరి ఇల్లు మీ చేతిలో ఉన్నప్పుడు ప్రశ్నలు ముందే రాసుకోండి. పక్కవాడితో మాట్లాడకముందే మార్కులు వేసుకోండి. కారణం ఒక్క వాక్యంలో రాయండి. అక్కడ 'ఎందుకో నచ్చలేదు' తప్ప ఇంకేం రాయలేకపోతే, ఆ మార్కు కొట్టేయండి.

నేనిప్పుడు అదే చేస్తున్నా. ఆ అబ్బాయికి మాత్రం ఇంకా సారీ చెప్పలేదు.