ఎంబీ అంటే సరిపోదు, బిట్టో బైటో చెప్పండి

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్‌లో నలుగురం డబ్బులు వేసుకుని నెట్ పెట్టించుకున్నాం. "వంద ఎంబీ ప్లాన్ తమ్ముడూ, మస్తు స్పీడొస్తది" అన్నాడు నెట్ అన్న. ఆ రాత్రే పెద్ద ఫైల్ ఒకటి డౌన్‌లోడ్ పెడితే స్క్రీన్ మీద అంకె 11 దగ్గరే ఆగిపోయింది. వెంటనే ఫోన్ చేశాం. "వంద అని చెప్పి పదకొండిస్తవా అన్నా?" అని గట్టిగానే అరిచాం. పాపం ఆయన మర్నాడు మిట్టమధ్యాహ్నం మూడంతస్తులు ఎక్కి వచ్చి వైరు మార్చాడు, రూటర్ మార్చాడు. మళ్ళీ అదే పదకొండు.

తప్పు ఆయనది కాదు, మాది. ఆయన అమ్మింది సెకనుకు వంద మెగాబిట్లు. మా స్క్రీన్ చూపించింది మెగాబైట్లు. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. దారిలో హెడర్లు తినేది తీసేస్తే పదకొండు, పన్నెండు మధ్య మిగులుతుంది. అంటే మాకు రావాల్సింది మాకు వస్తూనే ఉంది. మేమేమో ఈసీఈ మూడో సంవత్సరం!

ఇంగ్లిష్‌లో ఈ తేడాని చిన్న బి, పెద్ద బి మోస్తాయి. చిన్నదైతే బిట్టు, పెద్దదైతే బైటు. మన లిపిలో చిన్నక్షరం, పెద్దక్షరం అనేవే లేవు. నోటితో అంటే ఇంగ్లిష్‌లోనూ ఆ తేడా వినపడదు. అందుకే తెలుగులో 'ఎంబీ' అని రాసిన ప్రతిసారీ ఎనిమిది రెట్ల అనుమానాన్ని వదిలేస్తున్నాం. నేను అడిగేది ఒక్కటే: తెలుగులో రాసేటప్పుడు 'మెగాబిట్లు' అనో 'మెగాబైట్లు' అనో పూర్తిగా రాద్దాం.

"గూగుల్‌లో కొడితే కన్వర్ట్ అయిపోతుంది కదరా, ఇంత గొడవెందుకు?" అన్నాడు మా రూమ్మేట్. సరే, ఒక లెక్క చేద్దాం. సాటా-3 హార్డ్ డిస్క్ కేబుల్ ఒకటి ఎన్ని ఈ-1 టెలిఫోన్ లైన్లతో సమానం?

మన దేశంలో టెలికాం వాళ్ళు వాడిన ఈ-1 లైన్ సెకనుకు 2.048 మెగాబిట్లు. ఫోన్‌లో మన గొంతుని సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో పెడతారు. అంటే ఒక కాల్‌కి 64 కిలోబిట్లు. అలాంటి 32 గదులు కలిస్తే ఈ-1. అమెరికా టీ-1లో 24 గదులే. వాటికి ఫ్రేమింగ్ కోసం 8 కిలోబిట్లు కలిపితే 1.544 మెగాబిట్లు. సాటా-3 అయితే సెకనుకు 6 గిగాబిట్లు.

కన్వర్టర్‌లో కొడితే 6000ని 2.048తో భాగించి 2929 పైచిలుకు అంటుంది. కానీ సాటాలో ప్రతి 8 బిట్లూ తీగ మీద 10 బిట్లుగా మారి వెళ్తాయి. అసలు డేటా 600 మెగాబైట్లే. ఈ-1ని 256 కిలోబైట్లు అనుకుంటే జవాబు 2343 పైన. ఇంకోటి, ఈ-1లో కూడా మామూలుగా ఒక గది సింక్‌కి, ఒకటి సిగ్నలింగ్‌కి పోతే కాల్స్‌కి మిగిలేది 30 గదులు, అంటే 240 కిలోబైట్లు. అప్పుడు సరిగ్గా 2500. మూడు జవాబులూ కరెక్టే, ప్రశ్నలే వేరు. ఏ ప్రశ్న అడుగుతున్నామో కన్వర్టర్‌కి తెలియదు, మనకే తెలియాలి.

టెలికాం వాళ్ళు బిట్లు లెక్కపెట్టడానికి కారణం ఉంది. తీగ మీద బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి, వాళ్ళు అమ్మేది ఆ వేగాన్ని. డిస్క్ దాచేది బైట్లని. పైగా డిస్క్ తయారుచేసేవాళ్ళకి కిలో అంటే 1000, విండోస్‌కి 1024. ఒక టెరాబైట్ డిస్క్ పెడితే 931 గిగాబైట్లని కనిపించేది అందుకే. అక్కడా ఎవరూ దొంగతనం చెయ్యలేదు.

ఇదంతా మనకి దూరం సంగతి కూడా కాదు. గండిమైసమ్మ నుంచి కాస్త ముందుకెళ్తే బహదూర్‌పల్లి. ఇప్పుడు మహీంద్రా యూనివర్సిటీ ఉన్న ఆ క్యాంపస్ ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్‌ది. 1991లో ఏర్పడిన ఎస్టీపీఐ సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే కంపెనీలకి శాటిలైట్ లింకులిచ్చిన తొలి రోజుల్లో 64 కిలోబిట్ల లింకంటే గొప్ప. బైట్లలో అది సెకనుకు 8 కిలోబైట్లు. ఈరోజు ఒక గిగాబైట్ సినిమా దాని మీద దింపాలంటే దాదాపు 35 గంటలు. '64 కేబీ' అని వదిలేసి, దాన్ని కిలోబైట్లనుకుంటే నాలుగున్నర గంటల్లోపే అనిపిస్తుంది. ఆ రోజుల్లో పని ఎంత కష్టమో మనకి ఎనిమిదో వంతే అర్థమవుతుంది.

నెట్ అన్నకి ఫోన్ చేసి సారీ చెప్పాం, ఎనిమిదితో భాగించే సంగతీ చెప్పాం. ఆయన నవ్వాడు. "మా ఆఫీసోళ్ళు నాకూ వంద ఎంబీ అనే చెప్పిండ్రు తమ్ముడూ. రోజూ ఎవరో ఒకరు నన్ను తిడుతనే ఉంటరు" అన్నాడు.