బొమ్మల మ్రోత – బిడ్డల చెవులు

రాత్రి పది గంటలు దాటిన పిదప వీధిలో ధ్వనివర్ధకము మ్రోగినచో దాని నడ్డగించుటకు చట్టము కలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళని హద్దులు విధించినవి. పెద్దల నిద్రకు ఇట్టి రక్షణ కల్పించుకొన్న మనము, ఊయలలోని పసిబిడ్డ చెవియొద్ద మ్రోగు బొమ్మను గూర్చి చాలకాల మాలోచింపకుంటిమి. బొమ్మల ప్రమాణము గ్రంథస్థమై యున్నను, మన దేశమున తయారగు బొమ్మల విషయమున దానిని పాటించుట వర్తకుని ఇష్టాధీనముగా నుండెను.

ఈ లోపమును 2020లో కేంద్రప్రభుత్వము వెలువరించిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తరువు కొంత సరిదిద్దినది. 2021 జనవరి 1వ తేదీనుండి, 14 ఏండ్లలోపు పిల్లలకై చేసిన బొమ్మలపై భారతీయ ప్రమాణసంస్థ ముద్ర విధిగా నుండవలయును. ఐ.ఎస్. 9873 అను ఆ ప్రమాణము అంతర్జాతీయ ప్రమాణము ననుసరించినది. మొనలు, అంచులు, ఊడివచ్చు చిన్న భాగములతో పాటు మ్రోతకును అందు మితి కలదు. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఉత్తరువు వెలువడినంత మాత్రమున బిడ్డ చెవి రక్షింపబడినదని తలచుట తొందరపాటగును.

చెవి స్వభావమును మొదట విచారింతము. మానవుని లోచెవిలో శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే. అవి చెడినచో మరల మొలవవు. విరిగిన ఎముక అతుకుకొనును, కాలిన చర్మము మానును. పోయిన వినికిడి మాత్రము తిరిగిరాదు. బిడ్డ భాష నేర్చునది చెవితోనే. చెవి మందగించినవాడు బడిలో మందమతి యనిపించుకొనును; లోపము బుద్ధియందు లేదని తెలియులోపల బాల్యము గడచిపోవును.

ఇక లెక్క చూతము. అమెరికాదేశమున 2008 నాటి చట్టముచే విధిగా మారిన బొమ్మల ప్రమాణము, చెవికానించి వినునట్టి బొమ్మకు 65 డెసిబెళ్ళు, తక్కిన బొమ్మలకు 85 డెసిబెళ్ళు అని హద్దు పెట్టినది. ఈ కొలతను అర మీటరు దూరమున తీయుదురు. అయితే రెండేండ్ల పిల్లవాని చేయి ఎంత పొడవు? శబ్దస్థానమునకు దూరము సగమైనపుడు మ్రోత సుమారు 6 డెసిబెళ్ళు పెరుగును. అర మీటరునందు 85గా నున్నది, జానెడుకంటె తక్కువ దూరమున, అనగా పన్నెండు సెంటీమీటర్లయొద్ద, దాదాపు 97 అగును. కార్మికుని ఆరోగ్యమును గూర్చి అమెరికా పరిశోధనాసంస్థ చేసిన సూచన ప్రకారము 85 డెసిబెళ్ళలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చును. ప్రతి 3 డెసిబెళ్ళకు కాలము సగమగును. ఆ లెక్కన 97 డెసిబెళ్ళకు మిగులునది అరగంట మాత్రమే! మీట నొక్కి, మరల నొక్కి, పాట ముగిసినంతనే తిరిగి మొదలిడు బిడ్డకు అరగంట యొక లెక్కయా? కార్మికుడు చెవులకు బిరడాలు పెట్టుకొనగలడు, సంఘముతో మొరపెట్టుకొనగలడు. పసివాడు మ్రోతను చూచి నవ్వును. తనకు జరుగుచున్న నష్టమును చెప్పజాలడు.

దీనికి కొందరు పెద్దమనుష్యులు ఆక్షేపణలు తెలుపుదురు. బిడ్డల సంరక్షణ తల్లిదండ్రుల పని, ప్రభుత్వమున కేమి జోక్యమని మొదటి ప్రశ్న. తల్లి పాలను రుచిచూచి, వేడిని వ్రేలితో పరీక్షింపగలదు. డెసిబెళ్ళను ఏ వ్రేలితో కొలువవలయును? కొనువానికి పరీక్షించు సాధనము లేనిచోట అమ్మువానిపై బాధ్యత నుంచుట న్యాయము. తూనికరాళ్ళపై ముద్ర వేయుటకును ఇదియే కారణము.

ఇట్టి చట్టము పేద కళాకారుని నోటికూడు తీయునని రెండవ ఆక్షేపణ. ఇందు కొంత సత్యము లేకపోలేదు. అందువలననే 2020లోనే, హస్తకళల శాఖయొద్ద నమోదైన కళాకారులకును, భౌగోళిక సూచిక పొందిన బొమ్మలకును మినహాయింపు లభించినది. కొండపల్లి పొనికికర్ర బొమ్మయు, ఏటికొప్పాక అంకుడుకర్ర లక్కబొమ్మయు బిడ్డ చెవికి శత్రువులు కావు. బిడ్డ వానికి తన గొంతునే యిచ్చి పలికించుకొనును. విద్యుత్ఘటముతో అరచు ప్లాస్టికు తుపాకియే మన వ్యాజ్యమునందు ముద్దాయి.

విదేశీ సరకుపై 2020లో దిగుమతి సుంకమును 20 నుండి 60 శాతమునకు, 2023లో 70 శాతమునకు పెంచిరి. స్వదేశీ పరిశ్రమ వర్ధిల్లుట మనకెల్లరకు ఇష్టమే. కాని నాణ్యతాముద్ర రేవులయొద్ద మాత్రమే గోడయై, సంతలలో కనబడకున్న నేమి ప్రయోజనము? స్వదేశీ మ్రోతవలన కలిగిన చెవుడును చెవుడే కదా! తిరునాళ్ళలో, బస్సు నిలయములయొద్ద, గంపలలో ముద్రలేని బొమ్మలు నేటికిని అమ్ముడగుచున్నవి. కొనువాడు పెట్టెను త్రిప్పి చూచినను మ్రోత యెంతయో చెప్పు అంకె సాధారణముగా కానరాదు.

కావున మన కోర్కెలు నాలుగు. మ్రోగు ప్రతి బొమ్మ పెట్టెపైనను దాని ధ్వనిపరిమాణమును తెలుగు మొదలగు దేశభాషలలో ముద్రింపవలయును. వస్తువు గుణమును, శక్తిని, ప్రమాణమును తెలిసికొనుట కొనువాని హక్కని 2019 వినియోగదారుల సంరక్షణ చట్టమే చెప్పుచున్నది. రెండవది, కొలత తీయు దూరము బిడ్డ చేతి పొడవునకు తగినట్లుండవలయును. మూడవది, పండుగలకు ముందు అధికారులు పెద్ద దుకాణములనే కాక సంతలను, టోకు వర్తకుల గిడ్డంగులను తనిఖీ చేయవలయును. గంపవానిని దండించి గిడ్డంగివానిని విడుచుట న్యాయము కాదు. నాల్గవది, 2013నుండి జరుగుచున్న రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున బడిపిల్లల వినికిడి పరీక్షను పేరునకు కాక నిజముగా జరుపవలయును.

ప్రభుత్వము మేల్కొనువరకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. ముద్రయు, దాని క్రింద అనుమతి సంఖ్యయు లేని బొమ్మను కొనకుడు. ఆ సంఖ్య నిజమైనదో కాదో ప్రమాణసంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను సాధనమున చేతిఫోనుతోనే పరీక్షింపవచ్చును. అంగడిలోనే బొమ్మను మ్రోగించి మీ చెవియొద్ద పెట్టుకొనుడు. మీకు కఠోరమైనది బిడ్డకు మధురము కాజాలదు. అనుమానమైనచో ధ్వనిరంధ్రముపై అంటుకాగితమును అతికింపుడు, లేదా విద్యుత్ఘటమును తీసివేయుడు. బిడ్డ ఆడుట మానడు.

బిడ్డలకు మన మిచ్చు ఆస్తి యెంతటిదైనను వారు తిరిగి సంపాదించుకొనగలరు. వినికిడి యట్టి ఆస్తి కాదు. దానిని ఒక ఆటబొమ్మకు తాకట్టు పెట్టు అధికారము తండ్రికిని లేదు, వర్తకునకును లేదు, ఉపేక్షించు ప్రభుత్వమునకు అసలే లేదు.