వ్రాయలేని సంఖ్య, తెలియగల సత్యం

ఉర్దూ మాధ్యమం విద్యార్థులు 'ముఫ్రద్ అదద్' అనేదానినే తెలుగు మాధ్యమం వారు 'ప్రధాన సంఖ్య' అంటారు. ముఫ్రద్ అంటే ఒంటరిది. ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను అది నిశ్శేషంగా భాగింపబడదు. ప్రధానమంటే ముఖ్యమైనది, ఒకటి మినహా తక్కిన సహజసంఖ్యలన్నీ ఇటువంటి వాటి గుణకారం వలననే ఏర్పడుతాయి. ఒకే వస్తువుకు గల రెండు గుణాలను రెండు భాషలు చెరొకటి పట్టి చూపుతున్నవి. తెలుగు బోధించే మేము గణిత విషయాన్ని ఎత్తుకొనడానికి ఈ ముచ్చటే కారణం.

2024 అక్టోబరులో ఒక మహా ప్రధాన సంఖ్యను ప్రకటించారు. 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే అది వస్తుంది. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదే పెద్దది. దానిలో 4,10,24,320 అంకెలున్నవి. సెకనుకు ఒక్కటి చొప్పున రేయింబవళ్లు వ్రాసినా 474 దినాలు దాటుతుంది. అయినా దాని చివరి అంకెను మన విద్యార్థి నిమిషంలో చెప్పగలడు. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరిగి తిరిగి వస్తాయి. పై ఘాతాన్ని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. కనుక చివరి అంకె 2, ఒకటి తీసివేస్తే 1. చూడని సంఖ్యను గురించి సందేహం లేని మాట! తర్కానికి గల శక్తి ఇది.

ద్వారకా నగర్ వీధులలో శిక్షణ కేంద్రాల బోర్డులకు కొదవ లేదు. అక్కడ సూత్రాలు దొరుకుతాయి. 'ఎందుకు?' అని అడిగే తీరిక మాత్రం అరుదు. తరగతిలో మేమీ సంగతి చెప్పినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న 'ఇది పరీక్షలో వస్తుందా?' అన్నదే.

ఎందుకని అడగకపోతే ఏమవుతుందో చరిత్ర చెబుతున్నది. 67 రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వచ్చేది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు వ్రాశాడు. అది తప్పని 1876లో లూకా నిరూపించాడు. 1903లో కోల్ దాని కారణాంకాలనే చూపాడు: 193707721, 761838257287. పెద్దల మాట గౌరవనీయమే. కాని రుజువు అంతకన్న పెద్దది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ప్రధాన కారణాంకాలు ఒక హద్దును మించని సంఖ్యలు ఎన్ని అన్న ప్రశ్నపై వి. రామస్వామి 1949లో వ్యాసం ప్రకటించినది మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. వారానికొక గంట, మార్కులతో నిమిత్తం లేకుండా, రెండు భాషల విద్యార్థులు కలిసి కూర్చుని ఒక్క రుజువు చేసుకొనే ఏర్పాటు కల్పించాలి. దీనికి నల్లబల్ల, సుద్దముక్క చాలు. విద్యార్థులారా! పరీక్షలో రాని ప్రశ్నను కూడ అడగండి. మీ బుద్ధి మీ సొంతమయ్యేది అక్కడే.