‘డిడ్’ ఉంటే ‘వెంట్’ ఎందుకు?

నా మొదటి ఇంటర్వ్యూలో ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్న. ఎదుటాయన నవ్విండు. ఆ తర్వాత తెలిసిన జవాబులు కూడా నోట్లోంచి రాలే.

మొన్న సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద మా తమ్ముడు అదే తప్పు చేసిండు. వచ్చే వారమే వాడికి ఇంటర్వ్యూ.

“రూల్ ఏంది అన్నా?”

“‘వచ్చిన’కు వ్యతిరేకం చెప్పు.”

“రాలే.”

“మరి ‘వచ్చినలే’ అని ఎందుకనలే?”

వాడికి వెంటనే వెలిగింది. ‘లే’ చేరగానే ‘వచ్చిన’ పోయి ‘రా’ మిగులుతుంది. ‘డిడ్’ ఉన్నప్పుడు ‘వెంట్’ కూడా అంతే, మళ్లీ ‘గో’ అయిపోతుంది. జరిగిపోయిందని ‘డిడ్’ ముందే చెప్పేసింది కదా!

ఇక గో-వెంట్, టేక్-టుక్ బట్టీ పట్టాలా? మనకూ చేస్తా-చేసిన, రాస్తా-రాసిన ఉన్నాయి. కానీ వస్తా-వచ్చిన, ఇస్తా-ఇచ్చిన. ఇవి ఎవరూ బట్టీ పట్టలే, వాడంగ వాడంగ వచ్చినయ్. ‘వెంట్’ అయితే అసలు ‘వెండ్’ అనే వేరే క్రియది, వాడుకలో ‘గో’కు అతుక్కుంది.

రోజూ పడుకునే ముందు, ఆ రోజు ఏం చేశారో ఐదు వాక్యాలు ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డ్ చేయండి. తప్పు దొర్లితే సరిచేసుకుని మాట్లాడుతూనే ఉండండి. ఆ రోజు నేను చేయనిది అదే.